నీడ చూపిన మంచె

బాండిక్స్ చదువు తొమ్మిదో తరగతితో ఆగిపోయింది. సముద్రపు కరకట్ట మీద గొర్రెలను కాసుకోవడానికి, కట్టకు పడ్డ ఎలుకబొక్కలు పూడ్చడానికి ఆ చదువు ఎక్కువేనని అతని అభిప్రాయం. ఊళ్లో ఆ సంగతి అతని ముఖం మీదే ఎత్తి పొడిచేవాడు ఒక్కడుండేవాడు. అతను పరాయివాడైతే రెండు తగిలించి ఊరుకోవచ్చు. సొంత బావ అయ్యె.

బావ పేరు కేటెల్. అక్క గోంకె మొగుడు. రేవు ఆఫీసులో ముప్పై ఏళ్లు కుర్చీ అరగదీసి పింఛను పుచ్చుకుంటున్నాడు. ఇద్దరికీ ఒకటే పిచ్చి. ఫోను చేతపట్టుకుని డబ్బాలు వెతికే ఆట. ఎవరో ఒకరు ఎక్కడో ఒక డబ్బా దాచి, అదెక్కడుందో తేల్చే చిక్కుముడిని ఆటవాళ్ల పేజీలో పెడతారు. ముడి విప్పితే అక్షాంశం, రేఖాంశం వస్తాయి. ఆ చోటికి పోయి డబ్బా తీసి, లోపలి కాగితం మీద సంతకం పెట్టాలి. బహుమతంటూ ఏమీ లేదు. మొదటి సంతకం మనదైతే చాలు, ఆ వారమంతా మీసం మెలేసుకు తిరగొచ్చు.

తమ ఊరు బ్రోడర్‌కోగ్ చుట్టుపక్కల ఏ డబ్బా తెరిచినా మొదటి సంతకం కేటెల్‌దే. పక్కనే ఒక ముక్క కూడా రాసేవాడు: "టీ చల్లారకముందే."

బాండిక్స్ ఇప్పటికి నాలుగు డబ్బాలు దాచాడు. నాలుగూ టీ చల్లారకముందే పోయాయి.

ఫిబ్రవరిలో బీకె మంటలప్పుడు ఊరంతా కట్ట మీద చేరింది. చలికాలాన్ని సాగనంపడానికి పెద్ద మంట వేసి, దాని చుట్టూ రమ్ము కలిపిన టీ తాగడం అక్కడి ఆనవాయితీ. రెండో గ్లాసు దిగాక కేటెల్ గొంతు పెంచాడు.

"ఏరా బామ్మర్దీ, మళ్లీ ఎప్పుడు దాస్తావు? నీ పజిళ్లు గొర్రెపిల్లలు కూడా విప్పేస్తున్నాయట గదా! అడగరాదూ, నీ మందలోనే ఉంటాయి."

అందరూ నవ్వారు. నవ్వు ఆపుకోవడానికి చూసి చేతకాక గోంకె కూడా నవ్వింది. బాండిక్స్ గ్లాసులో మిగిలింది మంటలో పోసి ఇంటికి వెళ్లిపోయాడు. ఆ తర్వాత అక్క ఇంట ముద్ద ముట్టలేదు.

కట్ట మీద పాతకాలపు స్తంభం ఒకటి ఉంది. ఒకప్పుడు పడవలవాళ్లకు దారి గుర్తు. ఇప్పుడు గొర్రెలకు వీపు గోక్కునే కర్ర. రోజూ చూసే ఆ స్తంభాన్ని బాండిక్స్ ఆ మార్చిలో కొత్తగా చూశాడు. దాని మొదలుకు తాడు కట్టి, తాడు కొసతో పచ్చిక మీద గుండ్రంగా గీత గీశాడు. పొద్దున నీడ కొస ఆ గీతను తాకిన చోట ఒక మేకు దిగేశాడు. మధ్యాహ్నం దాటాక నీడ మళ్లీ పెరిగి గీతను తాకిన చోట ఇంకొకటి. రెండు మేకులకూ సరిగ్గా నడిమికి స్తంభం మొదలు నుంచి తాడు లాగితే, అదే ఉత్తరం. అయస్కాంతం ముల్లు చూపించే ఉత్తరం కాదు, ఆకాశం ఒప్పుకునే ఉత్తరం. నీడ అన్నిటికన్నా పొట్టిగా ఉండేదీ ఆ గీత మీద పడినప్పుడే.

అప్పుడే అతనికి ఇంకో సంగతి తెలిసింది. నీడ ఆ గీత మీదకు వచ్చే వేళకు చర్చి గంట పన్నెండు కొట్టి చాలాసేపవుతోంది. సూర్యుడికి ఊరి గడియారంతో పనిలేదు. ఎక్కడో తూర్పున ఉన్న ఊళ్లకు సరిపోయే టైము దేశమంతా పెట్టుకున్నారు కాబట్టి, ఈ పడమటి అంచుకు సూర్యుడు నడినెత్తికి ఆలస్యంగా వస్తాడు. మార్చి చివర గడియారాన్ని గంట ముందుకు తిప్పుతారు గదా, ఆ తర్వాతైతే చెప్పనే అక్కర్లేదు. మేలో అసలైన నడిపొద్దు ఒంటిగంట ఇరవైకి.

బాండిక్స్ మేకులు పీకేస్తూ తనలో తాను నవ్వుకున్నాడు. ఇన్నాళ్లకు దొరికాడు బావ.

పజిల్ తయారైంది. స్తంభం ఎత్తు ఇచ్చాడు. "మే మూడో ఆదివారం, నడిపొద్దున, ఈ స్తంభం నీడ ఎటు పడుతుందో అటు వెళ్లు. నీడ పొడవుకు రెండువందల రెట్లు వెళ్లు." అంతే రాశాడు. సూర్యుడి ఎత్తు తెలిస్తే నీడ పొడవు త్రికోణం లెక్క. సూర్యుడి దిక్కు తెలిస్తే నీడ దిక్కు తెలిసినట్టే. లెక్క సరిగా వేసినవాడు కట్ట వెంబడే ఉత్తరానికి నడిచి గొర్రెల దొడ్డి గేటు దగ్గర తేలతాడు. గేటు స్తంభం ఇనుప గొట్టం. దాని బోలులో అయస్కాంతంతో అంటించిన డబ్బా. గడియారం చూసి పన్నెండుకు లెక్క కట్టినవాడు వాయవ్యానికి మళ్లి, కట్ట దిగి, సముద్రం ఆటుకు వెనక్కి తగ్గినప్పుడు బయటపడే బురదలో ఎక్కడో తేలతాడు.

ఎక్కడో అని మాత్రమే అనుకున్నాడు బాండిక్స్. సరైన జవాబును ఏడుసార్లు సరిచూసుకున్నాడు గాని తప్పు జవాబు ఎక్కడ పడుతుందో ఒక్కసారీ లెక్క వేసి చూడలేదు.

ఇంకో పని కూడా చేశాడు. ఇలాంటి పజిల్ పెట్టేవాళ్లు పేజీ అడుగున ఒక గడి పెడతారు. వచ్చిన జవాబు అందులో కొట్టి చూస్తే ఒప్పుకు పచ్చ, తప్పుకు ఎరుపు వెలుగుతుంది. బాండిక్స్ ఆ గడి పెట్టలేదు. "ఎందుకు పెట్టాలి? బురద అంచున నిలబడి బుర్ర గోక్కోవాలి. అప్పుడు వెలుగుతుంది ఎరుపు, మొహంలో!" అని గొర్రెలతో అన్నాడు. ఆట తరఫున పజిళ్లను పరీక్షించే మనిషికి డబ్బా అసలు ఉన్న చోటు పంపాలి. ఆయన చూశాడు, నియమాలన్నీ సరిపోయాయన్నాడు, ఆ ఆదివారం పొద్దున పేజీ తెరిచాడు.

పన్నెండు అవుతుండగా బాండిక్స్ కట్ట ఎక్కాడు. ఎండ బాగా కాస్తోంది. సముద్రం మీద మాత్రం తెల్లగా పొగమంచు తెర లేచి, మెల్లగా ఒడ్డుకు జరుగుతోంది. వసంతంలో నీళ్లు చల్లగా, గాలి వెచ్చగా ఉండే రోజుల్లో అది మామూలే. ఆటు అయిపోయి పోటు మొదలైన జాడ బురదలోని పాయల్లో కనిపిస్తోంది.

అతను బావ కోసం వచ్చాడు. ఎక్కడో ఒకచోట బురద ఒడ్డున ఫోను అటూ ఇటూ తిప్పుకుంటూ నిలబడి ఉంటాడని ఆశ. కట్ట పొడవునా మనిషి జాడ లేదు.

చర్చి గంట పన్నెండు కొట్టింది. వేడుక కోసం బాండిక్స్ నీడ చూశాడు. గడియారాలు తిప్పాక ఈ వేళకు స్తంభం దగ్గరికి ఎన్నడూ రాలేదు, పన్నెండుకు అతను అన్నం ముందుంటాడు. నీడ సముద్రం వైపు వాలి ఉంది. మొదలు దగ్గర కూర్చుని, తుపాకీ గురి చూసినట్టు ఆ నీడ వెంట చూపు సాగించాడు. పచ్చిక, రాళ్ల అంచు, బురద, పాయ, పాయ అవతల మళ్లీ బురద, పొగమంచు అంచున...

గభాలున లేచి నిలబడ్డాడు.

నీడ సూటిగా ఆపద మంచెను చూపిస్తోంది. నాలుగు ఇనుప కాళ్లు, ఒక నిచ్చెన, పైన అప్పటికే పొగమంచులో మసకబారిన కటకటాల గూడు. బురదలో నడిచేవాళ్లు పోటుకు చిక్కుకుంటే ఎక్కి కూర్చోవడానికి వేసిన మంచె. స్తంభానికి దాని దూరం ఎంతో బాండిక్స్‌కు తెలుసు. నీడ పొడవుకు రెండువందల రెట్లు. కాస్త అటూ ఇటూగా కూడా కాదు. సరిగ్గా.

ఉత్త బురద మీద లెక్క తేలితే కేటెల్ తల గీరుకుని వెనక్కి తిరిగేవాడు. చుట్టూ ఏమీ లేని మైదానంలో ఒంటరి మంచె మీద తేలితే తిరుగుతాడా? ఈ ఆటాడేవాడు ఎవడైనా దాన్ని చూసి తొడ చరుచుకుంటాడు. డబ్బా దాచడానికి అంతకన్నా మంచి చోటు ఎక్కడుంది? ఆపద మంచె మీద డబ్బాలు దాచకూడదన్న నియమం ఉంది గాని, బామ్మర్ది నియమాలు చదివి ఉంటాడని కేటెల్ ఎందుకు అనుకుంటాడు?

ఫోను మోగింది. అక్క.

"ఒరేయ్ తమ్ముడూ, మీ బావ నీ దగ్గరున్నాడా?"

"లేడక్కా. ఎప్పుడు బయల్దేరాడు?"

"పదిన్నరకి. కంప్యూటర్ ముందు కూచుని ఏదో లెక్క కట్టాడు, కెవ్వున అరిచాడు, మోకాళ్ల బూట్లేసుకు పోయాడు. టీ కూడా తాగలేదు. 'వచ్చి తాగుతా, చల్లారదులే' అన్నాడు. ఇక్కడ వంటంతా అయిపోయింది. ఫోన్ చేస్తే ఎత్తడు. నీ డబ్బా కోసమేనా?"

"నా డబ్బా కోసమే."

"ఎక్కడ పెట్టి చచ్చావురా?"

బాండిక్స్ మంచె వైపు చూశాడు. పొగమంచు అప్పటికే మంచెను మింగేసింది. ఎదురుగా తెల్లటి గోడ తప్ప ఏమీ లేదు. కట్ట కింద బురదలో చూస్తే బూటు అచ్చులు కనిపించాయి. సముద్రంలోకి పోయే అచ్చులే. తిరిగొచ్చేవి లేవు.

"అక్కా, నేను మళ్లీ చేస్తా," అని పెట్టేశాడు.

ఆపద నంబరుకు చెప్పాడు. అవతలి ఆడమనిషి గొంతు తొణకలేదు.

"ఎంతసేపయింది లోపలికి వెళ్లి?"

"గంటన్నర."

"బురదలో నడవడం తెలిసిన మనిషేనా?"

"ఇక్కడే పుట్టాడు. కానీ పింఛను మనిషి. ఈత రాదు."

"పడవ వస్తోంది. మీరు మాత్రం దిగొద్దు. ఒకర్ని వెతకడానికి వస్తున్నాం, ఇద్దర్ని కాదు."

దిగొద్దంటే కాళ్లు ఊరుకుంటాయా? బాండిక్స్ అచ్చుల వెంట పాయ దాకా పోయాడు. పొద్దున మడమ లోతుండే పాయ ఇప్పుడు నడుము దాకా సుడులు తిరుగుతోంది. ఇక్కడి సముద్రానికి ఆ మాయ తెలుసు. ముందు నుంచి రాదు. మనిషి వెనకాలి పాయలు నింపి, ఆ తర్వాత తీరిగ్గా వస్తుంది. అచ్చులు నీళ్లలోకి దిగి కనపడకుండా పోయాయి.

వెనక్కి వచ్చి, ట్రాక్టర్‌లోంచి మేకులు దిగ్గొట్టే సుత్తి తీశాడు. కట్ట దిగే దారికి ఇనుప కమ్మీ ఉంది. దాని మీద బలం కొద్దీ బాదసాగాడు. బాదడం, ఆపి వినడం. బాదడం, వినడం. అక్కకు ఏమని చెప్పాలి? ఊరి ముందు నవ్వాడని నీ మొగుణ్ణి ముంచానని చెప్పాలా? ఆ రాత్రి మంట దగ్గర నవ్విన వాళ్ల మొహాలన్నీ కళ్ల ముందు తిరిగాయి. ఒక్కళ్ల మీదా కోపం రాలేదు. ఇంకో వందసార్లు నవ్వినా సరే, బావ మాత్రం ఒడ్డున ఉంటే చాలనిపించింది.

బాదాడు. ఆపాడు.

పొగమంచులోంచి, ఎక్కడో దూరంగా, ఒక గొంతు.

"ఒరేయ్ బామ్మర్దీ! ఆ మోతేంట్రా? డబ్బా ఎక్కడ పెట్టి చచ్చావురా?"

సుత్తి చేతిలోంచి జారి పాదం పక్కన పడింది. పాదం మీదే పడి ఉన్నా అతనికి తెలిసేది కాదు. పోయిన ప్రాణం లేచొచ్చింది. కమ్మీ పట్టుకుని, గొంతు చించుకుని అరిచాడు.

"బావా! మంచె మీదున్నావా?"

"లేదురా, పల్లకీలో ఊరేగుతున్నా! మంచె మీద కాక ఎక్కడుంటా? కింద నీళ్లొచ్చేశాయి!"

"దిగకు! పడవొస్తోంది!"

"దిగడానికి నేనేమైనా బాతునా? గంట నుంచీ తడుముతున్నాను ఈ కొంపంతా. పక్షి రెట్టలు తప్ప ఏం లేదు! చేతులన్నీ అదే!"

"డబ్బా అక్కడ లేదు బావా!"

ఈసారి వచ్చిన గొంతులో ఇందాకటి కన్నా ఎక్కువ కంగారుంది.

"చెప్పకు! ఎక్కడుందో చెప్పకు! చెప్పావో, ఒడ్డుకొచ్చి చంపేస్తా!"

బాండిక్స్ పచ్చికలో కూలబడ్డాడు. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో గొర్రెలకు కూడా తెలియలేదు. రెండు దగ్గరికొచ్చి వాసన చూసి పోయాయి. తేరుకున్నాక మొదట అక్కకు ఫోన్ చేశాడు. "ఉన్నాడక్కా. పొడిగా ఉన్నాడు. తిడుతున్నాడు." "సైకిలెక్కి వస్తున్నా" అంది గోంకె.

రబ్బరు పడవ ఇంజను చప్పుడు వినపడింది. అది పొగమంచులోకి పోయి, కాసేపటికి కేటెల్‌ను దుప్పటిలో చుట్టి తెచ్చి దిగబెట్టింది. పడవ మీది కుర్రాళ్లిద్దరూ ఆయనను బుద్ధిగా మందలించారు. ఆయన బుద్ధిగా తలూపాడు. బావ తలూపడం బాండిక్స్ పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి చూడటం.

పడవ వెళ్లాక ఇద్దరూ స్తంభం మొదట్లో కూర్చున్నారు. కేటెల్ చేతులు పచ్చిక మీద రుద్దుకుంటున్నాడు.

"లెక్క తప్పలేదురా," అన్నాడు చివరికి. "మూడుసార్లు వేశా. జానెడు తేడా లేకుండా మంచె మీద పడింది. నేనేమనుకున్నానో తెలుసా? మా బామ్మర్ది మనిషయ్యాడు అనుకున్నా. ఇంత గొప్పగా ఎలా కుదిర్చాడ్రా అని మంచె ఎక్కి నీకు దణ్ణం పెట్టా."

"పోటు టైము చూసుకోలేదా?"

"చూశా. ఎక్కి సంతకం పెట్టి దిగిపోతే ఎంతసేపు? దొరికితే గదా దిగడం! దొరక్కుండా దిగితే నువ్వు ఊరంతా చెప్పవూ? ఇంకొక్క మూల చూద్దాం, ఇంకొక్క మూల చూద్దాం అనుకుంటుంటే పాయ నిండిపోయింది."

"ఫోనెత్తొచ్చుగా?"

"మోత ఆపేసి సంచిలో పడేశా. వెతికేటప్పుడు ఎవడన్నా ఫోనెత్తుతాడ్రా?"

బాండిక్స్ తల వంచుకున్నాడు. "పేజీలో ఎరుపు పచ్చ గడి పెట్టాల్సింది బావా. కావాలనే పెట్టలేదు. నువ్వు బురద ఒడ్డున బుర్ర గోక్కుంటే చూద్దామని."

కేటెల్ అతని వైపు తిరిగాడు. ఏదో అనబోయాడు. అంతలో పొగమంచు పలచబడి ఎండ మళ్లీ చురుక్కుమంది. స్తంభం నీడ ఆయన మోకాళ్ల మీద పడింది. ఆయన యథాలాపంగా దాని కొస వైపు చూశాడు. నీడ సముద్రం వైపు లేదు. కట్ట వెంబడే పడుకుని ఉంది, సూటిగా ఉత్తరానికి. దాని వెంట చూస్తే దూరాన గొర్రెల దొడ్డి గేటు.

చేతి గడియారం చూసుకున్నాడు. ఒంటిగంట ఇరవై.

"ఓరి నీ..." అని మొదలుపెట్టి, రేవులో ముప్పై ఏళ్లలో నేర్చిన బూతులన్నీ వరసగా వల్లించాడు. గొర్రెలు చెదిరిపోయాయి. బాండిక్స్‌కు ఆ తిట్లు ఒక్కొక్కటీ అక్షతల్లా తలమీద పడుతున్నట్టుంది. చచ్చినవాడు ఇంత బాగా తిట్టలేడు.

తిట్లయ్యాక కేటెల్ లేచి గేటు వైపు రెండడుగులు వేశాడు. కాళ్లు మొరాయించాయి. మళ్లీ కూలబడ్డాడు.

"ఒరే, నువ్వెళ్లి నా పేరు పెట్టి రారా."

"దాచినవాడు తన డబ్బాలో సంతకం పెట్టకూడదు బావా. నియమం."

"ఓహో, నియమాలు చదువుతావన్నమాట," అన్నాడు కేటెల్, ఆశ్చర్యంగానే.

అప్పుడొచ్చింది గోంకె, సైకిల్ కట్ట మీద పడేసి. మొగుణ్ణి కిందినుంచి మీద దాకా చూసింది. తర్వాత తమ్ముణ్ణి. ఎవరిని ముందు తిట్టాలో తేల్చుకోలేక ఇద్దరినీ కలిపి తిట్టింది. "ఏభై దాటిన ముసలాళ్లు! ఒకడు దాస్తాడు, ఒకడు వెతుకుతాడు, నేను అన్నం కాపలా కాస్తాను! లేవండి. ఇద్దరూ లేవండి. ముందు ఆ చేతులు కడుక్కో, థూ!"

ఫిబ్రవరి తర్వాత బాండిక్స్ ఆ ఇంట మళ్లీ కూర్చున్నది ఆ రోజే. గుడ్డలో కట్టి ఉడికించిన పిండిముద్ద, మీద చెర్రీ పులుసు, పక్కన పొగబెట్టిన పందిమాంసం. రెండుసార్లు పెట్టించుకున్నాడు. బల్ల మీద పొద్దుటి టీ కప్పు అలాగే ఉంది, మీద మీగడ కట్టి.

ఇద్దరి ఫోన్లూ ఒకేసారి కూశాయి. కేటెల్ చూసి చదివాడు. ఫ్లెన్స్‌బుర్గ్ నుంచి వచ్చిన అక్కచెల్లెళ్లు ఇద్దరు. గేటు గొట్టంలో డబ్బా దొరికిందట, పజిల్ బ్రహ్మాండమట, గొర్రెలు ముద్దుగా ఉన్నాయట. మొదటి సంతకం వాళ్లది.

బాండిక్స్ కంచంలోకి చూస్తూ, తుఫాను కోసం ఎదురు చూశాడు.

"పోనీలే," అన్నాడు కేటెల్.

ముప్పై ఏళ్ల కాపురంలో ఆ మాట వినని గోంకె గరిట పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

బాండిక్స్ ఫోను తీసి పజిల్ పేజీ తెరిచాడు. "ఇప్పుడే మార్చేస్తా బావా. 'నడిపొద్దు అంటే సూర్యుడి లెక్క, గడియారం లెక్క కాదు' అని పెద్ద అక్షరాలతో పెడతా. గడి కూడా పెడతా."

"గడి పెట్టు. 'కట్ట దిగి బురదలో అడుగు పెట్టనక్కర్లేదు' అని కూడా పెట్టు, ముందు అది పెట్టు." కేటెల్ మాంసం ముక్క నోట్లో వేసుకుని నములుతూ చెంచా చూపించాడు. "సూర్యుడి ముక్క మాత్రం రాశావో, చూస్కో. నేనొక్కణ్ణే వెర్రివాణ్ణవ్వాలా? మిగతా వాళ్లు కూడా ఎరుపు చూడనీ!"

బాండిక్స్ బురద ముక్క రాశాడు, గడి పెట్టాడు, సూర్యుడి ముక్క వదిలేశాడు. రాసింది బావకు చూపించాడు. కేటెల్ కళ్లద్దాలు పైకి నెట్టి, చదివి, ఒక అక్షరం తప్పు దిద్దాడు. అప్పుడు బాండిక్స్ కంచం అక్క ముందుకు జరిపాడు, మూడోసారి.